తాతయ్య లెన్స్, కొత్త కెమెరా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఒక మాట రాశాం: ఫిల్మ్ కాలం నాటి మాన్యువల్ లెన్స్‌ని మధ్యలో చిన్న అడాప్టర్ పెట్టి లోపల అద్దం లేని ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాకి తగిలించుకోవచ్చు అని. అప్పటి నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఎక్కువమంది అడిగింది ఏ లెన్స్ కొనాలి అని. దానికి నేను ఎదురు అడిగేది ఒక్కటే. మీరు తీయబోయే మనిషికో వస్తువుకో ఎంత దూరంలో నిలబడతారు? ఆ దూరం తేలితే లెన్స్ దానంతట అదే తేలుతుంది. కింది జవాబుల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది, విసుక్కోకండి.

మా తాతయ్య వాడిన పెంటాక్స్ కె1000 కెమెరా బీరువాలో దొరికింది. దానికి 50 ఎంఎం ఎఫ్/2 లెన్స్ ఉంది. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న సోనీ ఎ6000, దానితో వచ్చిన కిట్ లెన్స్ ఉన్నాయి. షాపులో అడిగితే "ఇది దానికి పట్టదు, మాకిచ్చేసి వేరేది తీసుకో" అన్నారు. నిజంగా పట్టదా సార్? పడితే ఇంకా ఏమేం కొనాలి?
— డిగ్రీ విద్యార్థి, మల్కాజిగిరి

పడుతుంది బాబూ, చక్కగా పడుతుంది. తాతయ్యగారి లెన్స్ ఎవరికీ ఇవ్వొద్దు.

షాపాయన చెప్పింది సగం నిజం. నేరుగా పెడితే పట్టదు. ఎందుకంటే ప్రతి కంపెనీ తన మౌంట్‌కీ (లెన్స్ బిగించే చోటు) లోపలి ఫిల్మ్‌కీ మధ్య ఇంత దూరం ఉండాలని ఒక కొలత పెట్టుకుంది, లెన్స్‌ని ఆ కొలతకే తయారు చేసింది. పెంటాక్స్ కె మౌంట్‌కి అది 45.46 మిల్లీమీటర్లు. పాత కెమెరాలో అద్దం పైకీ కిందికీ కదలాలి కాబట్టి అంత జాగా కావాల్సి వచ్చింది. మీ సోనీలో అద్దమే లేదు, అందుకని మౌంట్ నుంచి సెన్సార్‌కి 18 మిల్లీమీటర్లే. మిగిలిన 27.46 మిల్లీమీటర్లను ఒక ఉత్త లోహపు గొట్టంతో పూడిస్తే లెన్స్‌కి తన పాత ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. అడాప్టర్ అంటే ఆ గొట్టమే, అందులో గాజు ఏమీ ఉండదు. డబ్బా మీద "పీకే-నెక్స్" అని ఉంటుంది. పీకే అంటే పెంటాక్స్ కె మౌంట్, నెక్స్ అంటే 2010లో సోనీ ఈ మౌంట్‌తో తెచ్చిన మొదటి కెమెరాల పేరు. ఈ లెక్క తెలిస్తే మిగతావీ అర్థమవుతాయి: నికాన్ ఎఫ్ 46.5, ఒలింపస్ ఓఎం 46, మినోల్టా 43.5, పాత కెనాన్ ఎఫ్‌డీ 42. ఇవతల ఫ్యూజీ ఎక్స్ 17.7, ఇంకా చిన్న సెన్సార్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ రకం 19.25. అటువైపు అన్నీ పొడుగు, ఇటువైపు అన్నీ పొట్టి, కాబట్టి అద్దం ఉన్న పాత కెమెరాల (ఎస్ఎల్ఆర్) లెన్స్ దాదాపు ఏదైనా ఈ చిన్న కెమెరాల మీద కూర్చుంటుంది.

అడాప్టర్ గొట్టమే కదా అని చేతికి దొరికింది కొనెయ్యకండి. అది 0.1 మిల్లీమీటర్ పొడుగైందనుకోండి, మీ 50 ఎంఎం లెన్స్ 25 మీటర్ల అవతల ఉన్నదాన్ని పదునుగా చూపించలేదు. అదే 28 ఎంఎం లెన్స్ అయితే 8 మీటర్లకే ఆగిపోతుంది. వెంట్రుక మందం తేడాకి ఇంత జరుగుతుంది. అందుకే చాలా కంపెనీలు కావాలనే కాస్త పొట్టిగా చేస్తాయి. అప్పుడు రింగ్ చివరిదాకా తిప్పకముందే దూరం వస్తువు ఫోకస్ అవుతుంది, లెన్స్ మీద రాసిన మీటర్ల అంకెలు కొంచెం తప్పుతాయి, అంతే. దానితో ఇబ్బంది లేదు. కొన్నాక మేడ మీదకెళ్లి దూరంగా కనిపించే వాటర్ ట్యాంకో సెల్ టవరో చూసి ఫోకస్ చేయండి, పదును వస్తే ఉంచుకోండి, రాకపోతే అదే రోజు వాపసు ఇవ్వండి. లెన్స్ తగిలించాక అటూ ఇటూ ఊగుతున్నా వాపసే.

తగిలించాక చాలామంది "ఫొటో పడట్లేదు, అడాప్టర్ పాడైంది" అని టెన్షన్ పడేది ఒక సెట్టింగ్ వల్ల. ఈ లెన్స్‌కీ కెమెరాకీ మధ్య మాటామంతీ ఉండదు కాబట్టి, కెమెరా తనకు లెన్సే లేదనుకుంటుంది. మెనూలో "లెన్స్ లేకుండా షట్టర్ నొక్కడం" అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. డయల్‌ని ఎ మీద పెట్టండి. అపర్చర్‌ని, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రాన్ని, లెన్స్ రింగ్‌తో మీరు పెడతారు (ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది), షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది. ఫోకస్ పీకింగ్ ఆన్ చేస్తే పదునుగా ఉన్న అంచుల మీద రంగు మెరుస్తుంది, అయితే అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు ఆ రంగుని గుడ్డిగా నమ్మొద్దు. బొమ్మని పెద్దది చేసి చూపించే మాగ్నిఫై బటన్ ఒకటి చేతికి అందేచోట పెట్టుకోండి. నేను ముందు పీకింగ్‌తో దరిదాపుల్లోకి వచ్చి, తర్వాత మాగ్నిఫై చేసి కంటి రెప్పల మీద నిలుపుతాను.

ఇలాంటి 50 ఎంఎం ఎఫ్/2తోనే ఒకసారి ఇరానీ హోటల్లో కూర్చుని, టేబుల్ మీద అర మీటరు దూరంలో ఉన్న చాయ్ కప్పుని తీశాను. అంత దగ్గర్లో ఎఫ్/2 దగ్గర పదును ఉండేది 7 మిల్లీమీటర్ల లోతు మాత్రమే. రింగ్ పిసరంత తిప్పితే కప్పు ముందు అంచు మీద పగిలిన పింగాణీ గీత తేలింది, ఇంకో పిసరు తిప్పితే ఆ గీత కరిగిపోయి చాయ్ మీద కట్టిన మీగడ ముడతలు తేలాయి, ఇంకా తిప్పితే సాసర్‌లో ఉస్మానియా బిస్కెట్ మీది చక్కెర పలుకులు. ఏది కనిపించాలో వేళ్లతో ఎంచుకుంటున్నట్టు ఉంటుంది. ఈ లెన్స్‌లు వాడమని నేను ఇంతగా చెప్పేది దీనికోసమే.

ఇక దూరం సంగతి. మీ కెమెరా సెన్సార్ ఫిల్మ్ కంటే చిన్నది (ఈ సైజుని ఎపిఎస్-సి అంటారు), 1.5తో గుణించుకోవాలి. తాతయ్యగారికి 50గా కనిపించింది మీకు 75గా కనిపిస్తుంది. అంటే ఇద్దరు ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుంటే ముఖమూ భుజాలూ వస్తాయి, ఇల్లంతా రాదు. మనుషుల ఫొటోలకు ఇది బంగారం లాంటి దూరం. ఎదుటి మనిషి ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉంటే ఎఫ్/2 దగ్గర పదును 7 సెంటీమీటర్ల లోతు ఉంటుంది, కళ్లూ ముక్కూ వస్తాయి, చెవులు కాస్త మెత్తబడతాయి. ఎఫ్/4కి వస్తే ఆ లోతు రెట్టింపు అవుతుంది.

ఇంకా ఏమేం కొనాలి అన్నారు. మూడు నెలలు ఏమీ కొనొద్దు. అమ్మనీ తమ్ముడినీ వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్నీ ఈ ఒక్క లెన్స్‌తో తీయండి. ఎక్కువసార్లు వెనక్కి జరగాల్సి వస్తే పాత 28 ఎంఎం చూడండి, అది మీకు 42లా ఉంటుంది. ఎక్కువసార్లు ముందుకు జరగలేకపోతే 135 చూడండి. పాత జూమ్ లెన్స్‌ల జోలికి మాత్రం వెళ్లకండి, బరువెక్కువ, వెలుగు తక్కువ, కిట్ లెన్స్ కంటే మెరుగ్గా ఇచ్చేవి అరుదు.

నాన్నగారి నికాన్ ఫిల్మ్ కెమెరాకి 28 ఎంఎం ఎఫ్/2.8 లెన్స్ ఉంది. నాది ఒలింపస్ మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరా. లాడ్ బజార్ గల్లీలు, చార్మినార్ మొత్తం ఫ్రేములో పట్టేలా వైడ్‌గా తీయాలని కోరిక. అడాప్టర్ కొనమంటారా?
— టీచర్, మారేడ్‌పల్లి

వైడ్ కోసమైతే వద్దండీ. మీ సెన్సార్ ఇంకా చిన్నది, రెండుతో గుణించాలి. నాన్నగారి చేతిలో వైడ్‌గా ఉన్న 28 మీ చేతిలో 56 అవుతుంది. పాత లెన్స్‌లతో చిన్న కెమెరాకి వైడ్ సంపాదించడం ఖర్చుతో కూడిన పని. ఫిల్మ్ కాలంలో 17, 20 ఎంఎంలే అరుదు, అవి కొన్నా మీకు 34, 40లే. మీ కిట్ లెన్స్‌లోని 14 ఎంఎం చివర వాడండి, అది 28లా కనిపిస్తుంది, చార్మినార్‌కి అది చాలు.

అయినా అడాప్టర్ కొనమనే అంటాను, వేరే పనికి. లాడ్ బజార్‌లో లక్క గాజుల కొలిమి ముందు కూర్చున్న ఆవిడ చేతులు, వేడి లక్క మీద ఒక్కో రాయి అద్దే వేళ్లు, అవి తీయడానికి 56 సరైన దూరం. మీటరు దూరంలో కూర్చుని మాట కలిపి, అడిగి తీయొచ్చు. మీ కెమెరాలో వణుకు తగ్గించే స్టెబిలైజర్ ఉంటే దాని మెనూలో 28 అని పెట్టండి, 56 కాదు. లెన్స్ మీద రాసి ఉన్న అసలు అంకెనే దానికి చెప్పాలి. ఇది తప్పు పెడితే చెయ్యి నిలకడగా ఉన్నా బొమ్మ కదులుతుంది.

నాన్నగారి లెన్స్‌కి అపర్చర్ రింగ్ ఉందో లేదో ఒకసారి చూడండి. ఫిల్మ్ నాటిది కాబట్టి ఉండే ఉంటుంది. తర్వాత వచ్చిన నికాన్ జి రకం లెన్స్‌లకు రింగ్ ఉండదు, వాటికి అపర్చర్ తిప్పే రింగ్ అడాప్టర్ మీదే ఉన్న రకం కొనాలి.

కెనాన్ ఇఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌ని మామూలు గొట్టం అడాప్టర్‌తో ఫ్యూజీకి పెట్టాను. అపర్చర్ మారట్లేదు. లెన్స్ పోయిందా?
— ఈసీఐఎల్ నుంచి ఒక పాఠకుడు

పోలేదండీ. 1987లో ఇఎఫ్ మౌంట్ వచ్చినప్పటి నుంచి కెనాన్ ఈ లెన్స్‌ల అపర్చర్‌ని లోపలి చిన్న మోటార్‌తో తిప్పిస్తోంది, కరెంటు అందకపోతే అది కదలదు. పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్‌లు ఉన్న అడాప్టర్ కావాలి. మీ దగ్గరున్నది కొత్త ఎస్‌టీఎం రకమైతే కరెంటు లేకుండా ఫోకస్ రింగ్ కూడా పనిచేయదు. మాన్యువల్ కోసం కొత్తగా కొనేవాళ్లు ఇఎఫ్ వైపు వెళ్లకండి, అదే కంపెనీ పాత ఎఫ్‌డీ లెన్స్‌లు చూడండి, వాటికి అన్నీ చేతితోనే.

కోఠీ గుజరాతీ గల్లీలోనూ, ఆదివారం సంతల్లోనూ పాత లెన్స్‌లు కనిపిస్తుంటాయి. చూడటానికి అన్నీ బాగానే ఉంటాయి. మంచిదో చెడ్డదో ఎలా తెలుస్తుంది?
— ప్రైవేటు ఉద్యోగి, దిల్‌సుఖ్‌నగర్

ఈ ప్రశ్నకి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. నేనూ ఒక సంతలో సాయంత్రం చీకటి పడే వేళ 135 ఎంఎం లెన్స్ ఒకటి బేరమాడి కొన్నాను. బయట గీత కూడా లేదు, నల్లగా నిగనిగలాడుతోంది. ఇంటికొచ్చి ట్యూబ్ లైటు వైపు పెట్టి చూస్తే లోపల సాలెగూడు అల్లినట్టు ఫంగస్. మర్నాడు వెళ్తే ఆ బండీ లేదు, ఆ మనిషీ లేడు. అప్పటి నుంచి టార్చ్ లేకుండా లెన్స్ ముట్టుకోను.

ఫోన్ టార్చ్ చాలు. ముందూ వెనుకా మూతలు తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, టార్చ్‌ని వెనుక గాజు దగ్గర పెట్టి, ముందు నుంచి చూడండి. నేరుగా చూస్తే కళ్లు చెదురుతాయి తప్ప ఏమీ కనిపించదు. లెన్స్‌ని మెల్లగా పక్కకి వంచుతూ, వెలుగు ఏటవాలుగా పడేలా చూడాలి. అప్పుడు లోపల ఉన్నవన్నీ బయటపడతాయి. దుమ్ము చుక్కలు నాలుగు కనిపిస్తే కంగారు పడొద్దు, నలభై ఏళ్ల లెన్స్‌లో దుమ్ము లేకపోతేనే ఆశ్చర్యం, ఫొటోలో అది రాదు. గాజు లోపల సన్నటి గాలి బుడగ ఒకటీ అరా ఉన్నా పర్వాలేదు, పాత గాజులో అది మామూలే. అంచు నుంచి లోపలికి వేర్లలా, దారాల్లా పాకినట్టు ఉంటే మాత్రం ఫంగస్. గాజు మొత్తం మీద పల్చటి పాలపొర కప్పినట్టు ఉంటే పొగచూరినట్టు లెక్క, దీనివల్ల ఎదురు వెలుగులో ఫొటో తెల్లబోతుంది. అంచున సబ్బు బుడగ మీది రంగుల్లాంటి మరక కనిపిస్తే రెండు గాజుల్ని అతికించిన జిగురు విడిపోతోందని అర్థం, అది బాగు చేయించే ఖర్చుకి ఇంకో లెన్స్ వస్తుంది. ముందు గాజు మీది చిన్న గీతకి భయపడకండి, వెనుక గాజు మీది గీతని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, అది సెన్సార్‌కి దగ్గర కాబట్టి ఫొటోలో ప్రభావం చూపిస్తుంది.

తర్వాత అపర్చర్ బ్లేడ్లు. రింగ్‌ని ఎఫ్/16 మీద పెట్టి వెనుక ఉన్న చిన్న మీటనో పిన్నునో వేలితో కదిపి వదలండి. బ్లేడ్లు టక్కున కదలాలి. బద్ధకంగా కదిలినా, మధ్యలో ఆగినా, వాటి మీద నూనె మెరిసినా గ్రీజు కరిగి లోపలికి జారిందన్నమాట. మన ఎండలకు ఇది చాలా లెన్స్‌లకు వస్తుంది. ఫోకస్ రింగ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పండి, తేనెలో గరిటె తిప్పినట్టు ఒకే బరువుతో తిరగాలి. ఇసుక నలిగినట్టు అనిపిస్తే కింద పెట్టేయండి. చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి, లోపల ఏదో ఊడి కదులుతున్న చప్పుడు వస్తే వద్దు. ఆఖరున వెనకాల స్క్రూల తలలు చూడండి, గాట్లు అరిగి మెరుస్తుంటే ఎవరో ఇంతకుముందే విప్పారు. విప్పి సరిగ్గా బిగించారో లేదో తెలియాలంటే మీ కెమెరా, అడాప్టర్ వెంట తీసుకెళ్లి అక్కడికక్కడే గల్లీ చివరి బోర్డు మీద ఫోకస్ చేసి చూడాల్సిందే. చూడనివ్వని వాడి దగ్గర కొనొద్దు.

కంపెనీ పేరుకి నేను ఇచ్చే విలువ వీటన్నిటి తర్వాతే. 1970లు, 80ల్లో వచ్చిన 50 ఎంఎం లెన్స్‌లు పెంటాక్స్, నికాన్, మినోల్టా, ఒలింపస్, కెనాన్ ఏదైనా ఎఫ్/4 దగ్గర ఒకదానికొకటి తీసిపోవు. గాజు శుభ్రంగా ఉన్న మామూలు లెన్స్, ఫంగస్ పట్టిన పేరున్న లెన్స్ పక్కపక్కన ఉంటే మొదటిదే తీసుకోండి.

హీలియోస్ 44-2తో తీసిన ఫొటోల్లో వెనుక ఆకులు సుడి తిరిగినట్టు ఉంటాయి కదా. నాకూ అలా రావాలి. నాది ఎపిఎస్-సి కెమెరా. కొనొచ్చా?
— ఇంజినీరింగ్ విద్యార్థిని, కూకట్‌పల్లి

కొనొచ్చమ్మా, కానీ ఏం వస్తుందో తెలిసి కొనండి. ఇది సోవియట్ యూనియన్‌లో లక్షల్లో తయారైన 58 ఎంఎం ఎఫ్/2 లెన్స్, జర్మనీ జైస్ బయోటార్‌ని చూసి చేసింది. సుడి ఎక్కువగా ఫ్రేము అంచుల్లో పుడుతుంది. మీ సెన్సార్ ఆ అంచుల్నే కోసేస్తుంది, అందుకని ఫుల్ ఫ్రేమ్ (ఫిల్మ్ అంత సెన్సార్) వాళ్ల ఫొటోల్లో కనిపించినంత మీకు రాదు. ఉన్నంత వరకైనా రావాలంటే మళ్లీ దూరమే ముఖ్యం. మనిషి మీకు ఒకటి రెండు మీటర్లలో ఉండాలి, వాళ్ల వెనుక ఏడెనిమిది మీటర్ల దూరంలో ఎండ చుక్కలు చుక్కలుగా జల్లించే చెట్టు ఉండాలి, అపర్చర్ ఎఫ్/2 మీదే ఉండాలి. కేబీఆర్ పార్కులో పొద్దున్నే వేప చెట్ల కింద ప్రయత్నించండి. గోడ ముందు నిలబెడితే సుడి ఉండదు, ఏమీ ఉండదు.

ఇది ఎం42 మౌంట్, అంటే స్క్రూలా తిప్పి బిగించేది. 44-2కి రెండు అపర్చర్ రింగ్‌లు ఉంటాయి, ఒకటి హద్దు పెడుతుంది, రెండోది ఆ హద్దు దాకా చప్పుడు లేకుండా తిరుగుతుంది. మిర్రర్‌లెస్‌కి ఇదే హాయి. తర్వాత వచ్చిన 44ఎం-4 లాంటి వాటికి వెనుక పిన్ను ఉంటుంది, అది నొక్కి ఉంటేనే అపర్చర్ మూసుకుంటుంది, కాబట్టి పిన్నుని నొక్కే అంచు ఉన్న ఎం42 అడాప్టర్ అడిగి మరీ తీసుకోండి.

మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది, రవీంద్రభారతిలో కార్యక్రమం ఉంది. ఖరీదైన ఆటోఫోకస్ జూమ్ కొనలేం. పాత 135 ఎంఎం ఎఫ్/2.8 దొరుకుతోంది, కెమెరా ఫ్యూజీ ఎపిఎస్-సి. పని జరుగుతుందా?
— గృహిణి, వనస్థలిపురం

జరుగుతుందండీ, కాకపోతే ఎక్కడ కూర్చుంటారో ముందు చూసుకోవాలి. స్టేజీకి 10 మీటర్ల దూరంలో కూర్చుని 135తో కెమెరాని నిలువుగా పట్టుకుంటే ఫ్రేములో పట్టేది 1.7 మీటర్ల ఎత్తు, 1.2 మీటర్ల వెడల్పు. పాప నిలబడితే పడుతుంది, చేతులు చాపితే వేళ్లు తెగిపోతాయి. 15 మీటర్లకి వెళ్తే 2.6 మీటర్ల ఎత్తు, 1.7 మీటర్ల వెడల్పు వస్తుంది, కాలు ఎత్తినా చెయ్యి చాపినా జాగా ఉంటుంది. కాబట్టి ముందు వరస వద్దు, మధ్య వరసల్లో అంచు సీటు అడగండి. ముఖం మాత్రమే, అభినయం మాత్రమే కావాలంటే ముందుకి రండి. నిర్వాహకులను ముందుగా అడిగి ఉంచుకోండి.

పాప వెంట ఫోకస్ రింగ్ తిప్పుతూ పరుగెత్తకండి. 10 మీటర్లలో ఎఫ్/2.8 దగ్గర పదును ఉండే లోతు 60 సెంటీమీటర్లు, 15 మీటర్లలో అంతకు రెట్టింపు పైనే. రిహార్సల్‌కి వెళ్లి, ఎక్కువసేపు ఎక్కడ నిలబడుతుందో చూసుకుని అక్కడ ఫోకస్ పెట్టి వదిలేయండి. పాప ఆ చోటికి వచ్చినప్పుడు నొక్కాలి. జతి ముగిసేచోట అరమండిలో ఒక్క క్షణం బొమ్మలా నిలబడుతుంది చూడండి, మీరు ఇంట్లో సాధన వందసార్లు చూసి ఉంటారు, ఆ క్షణం ఎప్పుడొస్తుందో బయటి ఫొటోగ్రాఫర్ కంటే మీకే బాగా తెలుసు. నిజంగా చెప్తున్నాను, ఆటోఫోకస్ కంటే అది గొప్ప సాయం.

షట్టర్ 1/250 సెకన్ కంటే తగ్గనివ్వకండి, ఐఎస్ఓ (వెలుగుని పట్టే చురుకు) పెరిగితే పెరగనివ్వండి. వెనుక నల్ల తెర ఉంటే కెమెరా ఫొటోని అనవసరంగా వెలిగించి ముఖాన్ని తెల్లగా చేసేస్తుంది, కాబట్టి షట్టర్‌ని కూడా మీరే పెట్టి, ఒకటి రెండు తీసి చూసుకుని ఆగండి. చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే స్టేజీ ఎల్ఈడీ లైట్లకు ఫొటో మీద అడ్డచారలు పడొచ్చు, అది కూడా రిహార్సల్‌లోనే చూసుకోండి.

స్పీడ్ బూస్టర్ కొంటే లాభమా? సీసీటీవీ లెన్స్ చవకగా వస్తోంది, అది పెట్టొచ్చా?
— ఇద్దరు ముగ్గురు అడిగారు

స్పీడ్ బూస్టర్ అంటే లోపల గాజు ఉన్న అడాప్టర్. లెన్స్ వేసే బొమ్మని 0.71 రెట్లకు కుదిస్తుంది, దానితో ఎపిఎస్-సి మీద లెన్స్ దాదాపు తన పాత వెడల్పుకి వస్తుంది, ఒక స్టాప్ వెలుగు, అంటే రెట్టింపు, కూడా ఎక్కువ. మెటాబోన్స్ కంపెనీ 2013లో మొదట తెచ్చింది. నాలుగైదు మంచి లెన్స్‌లు ఒకే మౌంట్‌లో ఉంటే కొనండి. ఒక్క లెన్స్ కోసమైతే వద్దు, చవక రకాల్లో మూలలు అలికినట్టు వస్తాయి.

సీసీటీవీ లెన్స్‌లు చిన్న సెన్సార్ల కోసం చేసినవి. మైక్రో ఫోర్ థర్డ్స్ మీద చాలా వాటికి మూలలు నల్లబడతాయి, ఎపిఎస్-సి మీద గుండ్రటి కిటికీలోంచి చూసినట్టు ఉంటుంది. సరదాకి సరే.

నా సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 గాజు టీ డికాక్షన్ రంగులోకి మారింది. రేడియేషన్ అంటున్నారు, భయంగా ఉంది. పైగా వర్షాకాలం వస్తోంది, ఫంగస్ భయం ఒకటి. ఏం చేయాలి?
— రిటైర్డ్ ఉద్యోగి, నల్లకుంట

రెండు భయాలూ తీర్చేవే సార్. ఆ లెన్స్ గాజులో రేడియేషన్ వెలువరించే థోరియం కలిపారు, అప్పట్లో మంచి గాజు కోసం పలు కంపెనీలు చేసిన పనే. థోరియం వల్లే గాజు ఏళ్ల తరబడి పసుపెక్కుతుంది. లెన్స్ వాడినందువల్ల అందే రేడియేషన్ చాలా స్వల్పం. గాజుని విప్పి అరగదీయడం లాంటివి చేయకండి, దిండు పక్కన పెట్టుకుని పడుకోకండి, మిగతా సమయంలో నిశ్చింతగా వాడుకోండి.

పసుపు పోవడానికి ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు కావాలి. అయితే మే నెల మధ్యాహ్నం మేడ మీద పెట్టేశారంటే గ్రీజు కరిగి బ్లేడ్లెక్కుతుంది, పైగా లెన్స్ భూతద్దంలా పనిచేసి కింద ఉన్నదాన్ని కాల్చేస్తుంది కూడా. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య ఎండ వచ్చే కిటికీ గట్టు మీద, కింద వంటింటి అల్యూమినియం ఫాయిల్ పరిచి, కర్టెన్, కాగితం లాంటివి దరిదాపుల్లో లేకుండా చూసి, మూతలు తీసి పెట్టండి, మీరు పక్కనే పేపరు చదువుకుంటూ కూర్చోండి. చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందంటే లోపలికి తెచ్చేయండి.

ఫంగస్‌కి కావలసింది తేమ, చీకటి. జులై నుంచి సెప్టెంబర్ దాకా మన ఊళ్లో బీరువా అడుగున తోలు సంచిలో ఉన్న లెన్స్‌కి ఆ రెండూ దొరుకుతాయి. తోలు సంచి తీసేయండి, తేమ పట్టేది ముందు అదే. వంటింట్లో పప్పులు పోసుకునే రకం గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి, రంగు మారే సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపించే చిన్న మీటర్ ఒకటి. మీటర్ 40, 50 శాతం మధ్య ఉండాలి, 60 దాటిందంటే జెల్ మార్చాలి. మనవలు ఉంటే జెల్ పొట్లాలు వాళ్ల చేతికి అందనివ్వకండి. బియ్యంలో పెట్టే చిట్కా వద్దు, తేమ పోదు సరికదా తవుడు దుమ్ము లెన్స్‌లోకి పోతుంది. వారానికి ఒకసారైనా బయటికి తీసి నాలుగు ఫొటోలు తీయండి.

పసుపు తగ్గిందో లేదో తెలుసుకోవడానికి ఈ రోజే లెన్స్‌ని తెల్ల కాగితం మీద నిలబెట్టి, గాజులోంచి కాగితం కనిపించేలా ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచండి. పది పొద్దుల తర్వాత అదే కాగితం మీద, అదే కిటికీ దగ్గర ఇంకోటి తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ఆ రెండు ఫొటోలూ మాకు పంపితే ఈ పేజీలో వేస్తాం.